రెండు బ్యాడ్జీలు, ఒక తప్పు మాట

సంపాదకులు గారికి,

అనంతపురం పాతూరులో ఇరవై ఏళ్లుగా మ్యాచింగ్ సెంటర్ నడుపుతున్నాను. రంగుల సంగతి నాకు బాగా తెలుసనే అనుకునేదాన్ని. మొన్న మా అన్న కూతురి కాలేజీ బ్యాగుకున్న రెండు బ్యాడ్జీలను హాస్టల్ వార్డెన్ పీకేసుకున్నారు. ముందు ‘ఏ పార్టీదమ్మా ఇది?’ అని అడిగారట. మన జిల్లాలో రంగు కనపడితే పార్టీయే కదా!

ఒకటి లెస్బియన్ జెండా, అంటే ఆడవాళ్లను ఇష్టపడే ఆడవాళ్లది. నారింజ నుంచి తెలుపు మీదుగా గులాబీలోకి దిగే చారలు, 2018లో వచ్చింది. రెండోది 1998లో మైకేల్ పేజ్ తయారుచేసిన బైసెక్సువల్ జెండా, అంటే ఆడా మగా ఇద్దరినీ ఇష్టపడగలిగే వాళ్లది. పైన రాణీ పింక్, కింద నీలం, మధ్యలో సన్నగా వంకాయ పువ్వు రంగు. ఆ మధ్య రంగు అటూ ఇటూ కలిసిపోయి విడిగా కంటికి ఆనదు, బైసెక్సువల్స్ పరిస్థితీ అంతే అన్నాడాయన. మా అమ్మాయి తనను బై లెస్బియన్ అంటుంది. మనసు ఆడపిల్లల వైపే. అలాగని ఇంటర్‌లో ఒక అబ్బాయిని ఇష్టపడ్డ మాట అబద్ధమనదు. (ఈ పేరును లెస్బియన్లలోనే కొందరు ఒప్పుకోరట, అది వాళ్ల గొడవ.) ఈ పేరుకు అందరూ సరేనన్న జెండా ఒక్కటి లేక, రెండూ పక్కపక్కన పెట్టుకుంది.

అసలు తంటా తర్వాత వచ్చింది. వార్డెన్ గారు ఫోన్‌లో తెలుగులో వెతికితే ‘ద్విలింగ సంపర్కులు’ అని దొరికింది. రెండు లింగాలున్న మనిషనుకుని, డాక్టర్ సర్టిఫికెట్ తెమ్మని మా వదినకు ఫోన్ చేశారు! ఆ టెన్షన్‌తో వదిన రెండు రోజులు అన్నం ముట్టలేదు. వార్డెన్‌ను మాత్రం ఏమనను? మన పత్రికలు చదివినా అదే అర్థమవుతుంది. ఇద్దరు ఆడవాళ్లో ఇద్దరు మగవాళ్లో ఇష్టపడి కలిస్తే నేరం కాదని 2018లో సుప్రీంకోర్టు 377 సెక్షన్ మీద తీర్పిచ్చినప్పుడూ అవే మాటలు. పెళ్లి వార్తలో వధూవరులను ‘సంపర్కులు’ అని రాస్తామా?

బస్సు, టీవీ అని రాసినట్టే లెస్బియన్, బైసెక్సువల్ అని రాయండి. పక్కన ఒక వాక్యం వివరణ ఇస్తే చాలు. సర్టిఫికెట్ ఇవ్వడానికి ఇది జబ్బు కాదు. మార్చేస్తామని చేసే వైద్యం వృత్తిపరమైన తప్పని జాతీయ వైద్య కమిషన్ 2022లోనే చెప్పింది.

అమ్మాయి చదివి సరేనన్నాకే ఇది పంపుతున్నాను. బ్యాడ్జీలు ఇంకా వార్డెన్ గారి సొరుగులోనే ఉన్నాయి. లేఖ అచ్చయితే ఒక కాపీ నేనే పట్టుకెళ్లి ఇస్తాను.

– ఒక మేనత్త, అనంతపురం
(పేరు వేయవద్దని మనవి)