చిన్నోడు ఇక్కడికొస్తే ఏడ తినాలె

అమ్మా,

మొన్న ఫోన్లో నువ్వు "అక్కడ ఏం తింటున్నవ్, ఏడ తింటున్నవ్" అని అడిగితే సగమే జవాబు చెప్పాను. అప్పుడు బస్సు కోసం ఎండలో నిలబడి ఉన్నా, పైగా చిన్నమ్మ నీ పక్కనే ఉందని తెలిసి కొంచెం తగ్గించి మాట్లాడాను. ఆగస్టులో చిన్నోడు కూడా ఇక్కడికే వస్తున్నాడు కాబట్టి ఇప్పుడు ఉన్నదున్నట్టు రాస్తున్నా. "మంచిగనే తింటున్న అమ్మా" అని రెండేళ్ళుగా చెప్తున్నా కదా, అందులో మొదటి ఆరు నెలలు అబద్ధం, తర్వాతది నిజమే. ఇది చిన్నమ్మకు, చిన్నోడికి చదివి వినిపించు, బాపుకు కూడా. నాయినమ్మకు చదివేటప్పుడు మాత్రం పిజ్జా అని కనబడ్డ పేరా దాటెయ్.

ముందు ఊరి సంగతి. అమెరికాలో నేనుండే ఊరు డెంటన్, టెక్సాస్ రాష్ట్రం. అందరూ డల్లాస్ అంటారు గానీ డెంటన్ డల్లాస్ కాదు, దానికి ఉత్తరాన 40 మైళ్ళు, అంటే హన్మకొండ నుంచి జనగామ దాటి ఇంకొంచెం పోయినంత. మన దగ్గర కాకతీయ యూనివర్సిటీ (కేయూ), నిట్ ఒకే ఊళ్ళో ఉన్నట్టు ఇక్కడ కూడా రెండు యూనివర్సిటీలు, మాది 1890లో పెట్టింది, రెండోది ఆడవాళ్ళ కోసం మొదలైంది. స్టూడెంట్లున్న ఊరు కదా, తిండికేం కొదవ అనుకునే వచ్చాను. కేయూ క్రాస్‌రోడ్డులో బస్సు దిగితే పది అడుగుల్లో మిర్చి బజ్జీ, ఇరవై అడుగుల్లో టిఫిన్ సెంటర్. ఇక్కడ హోటల్ కళ్ళ ముందే కనబడుతుంది, దానికి నడిచిపోయే దారి మాత్రం కనబడదు. మధ్యలో ఆరు వరసల రోడ్డు, చెట్టు నీడ లేదు, జులైలో 38 డిగ్రీల ఎండ. కారు లేనోడికి ఎక్కడ తినాలి అనే ప్రశ్న కంటే ముందు ఎట్లా పోవాలి అనే ప్రశ్న వస్తుంది.

అందుకే చిన్నోడికి నా మొదటి మాట: రాగానే క్యాంపస్ డైనింగ్ హాల్లో పని చూసుకొమ్మను. మన వీసా మీద సెమిస్టర్ నడుస్తున్నప్పుడు వారానికి 20 గంటలే, అదీ క్యాంపస్ లోపలే పని చెయ్యాలి. నేను గిన్నెలు కడిగే దగ్గర మొదలుపెట్టాను. ఏముంది, బెల్టు మీద ప్లేట్లు వస్తూనే ఉంటాయి, సగం తిని వదిలేసిన అన్నం, ముట్టని రొట్టెలు, మొదటి వారం చూస్తుంటే కడుపులో దేవేది. నువ్వు కంచంలో నాలుగు మెతుకులు మిగిల్చినా ఊరుకునేదానివి కాదు కదా. కానీ షిఫ్టు ఉన్న రోజు ఒక పూట కడుపు నిండా తిండి దొరుకుతుంది, అది చిన్న విషయం కాదు. మామూలుగా వెళ్ళేవాళ్ళకు కూడా ఒకసారి డబ్బు కట్టి లోపలికి పోతే ఎంతైనా తినొచ్చు, బయటికి మాత్రం తీసుకుపోనియ్యరు. చిన్నోడు శనివారం నీసు ముట్టడు కదా, వాడికి మీన్ గ్రీన్స్ అని ఒక హాల్ ఉంది. మాంసం, గుడ్డు మాత్రమే కాదు, పాలు కూడా వాడరు. 2011లో మొదలుపెట్టారు, ఈ దేశంలో యూనివర్సిటీల్లో అట్లాంటి హాల్ అదే మొదటిదని గొప్పగా చెప్పుకుంటారు. తిండి బాగానే ఉంటుంది గానీ పెరుగు లేదు. పెరుగు లేకుండా లేవడం నాకు చేతకాలేదు, గదికొచ్చి రెండు గరిటెలు తిని పడుకునేవాణ్ణి.

ఇప్పుడు పిజ్జా సంగతి. వచ్చిన నాలుగో రోజు కొత్త స్టూడెంట్లకు మీటింగ్ పెట్టి పిజ్జా పెట్టారు, ఫ్రీ. ఒక డబ్బా మీద "పెప్పరోనీ" అని రాసి ఉంది. పెప్పర్ అంటే మిరియాలో మిరపకాయో కదా, పైన ఎర్రగా గుండ్రంగా ముక్కలు, పండుమిరపకాయ కోసి వేశారేమో అని మూడు ముక్కలు తిన్నా, కారం లేదేంటి అనుకుంటూ. పక్కనున్న కరీంనగర్ పిల్లాడు చెప్పేదాకా తెలియదు, అది పంది మాంసం, గొడ్డు మాంసం కలిపి చేసేదని. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. చిన్నోడికి ఈ ఒక్కటి కాగితం మీద రాసివ్వు: బర్గర్ అని ఊరికే అడిగితే గొడ్డు మాంసమే వస్తుంది, చికెన్ అని విడిగా చెప్పాలి. ఫ్రీ పిజ్జా మాత్రం వదలొద్దను, ఏ డిపార్ట్‌మెంట్ మీటింగ్ అయినా పెడతారు, చీజ్ ఒక్కటే ఉన్న డబ్బా చూసుకొని తినాలి.

మరి మన తిండి దొరకదా అని చిన్నమ్మ అడుగుతుంది. దొరుకుతుంది. నా మాట వింటే పోవద్దు. ఒకసారి బాగా ఇంటి మీద బెంగ పుట్టి ఒక ఇండియన్ రెస్టారెంటుకు పోయాను, పేరు ఎందుకులే. కారం ఎంత కావాలి, ఒకటి నుంచి ఐదులో చెప్పమన్నాడు. ఐదు అన్నాను. వచ్చింది తీపి. ఎర్రటి గ్రేవీ, మీద క్రీము, చెంచాడు చక్కెర వేశారేమో అన్నట్టుంది. 15 డాలర్లు ఆ కూరకు, దాని మీద 8.25 శాతం టాక్సు, మీదికెళ్ళి టిప్పు, అన్నీ కలిపి 19 దాకా అయింది. రూపాయల్లో లెక్క వేసుకోవద్దని సీనియర్లు చెప్తారు, నేను బస్సులో కూర్చొని వేసుకున్నా. టిప్పు ఎగ్గొడదామని మాత్రం చిన్నోణ్ణి అనుకోనియ్యకు. ఈ రాష్ట్రంలో వడ్డించేవాళ్ళకు యజమాని గంటకు 2.13 డాలర్లు ఇచ్చినా చట్టం ఒప్పుకుంటుంది, మిగతాది ఎక్కువగా మనం బల్ల మీద పెట్టి వచ్చేదే.

అసలు నేను చెప్పాలనుకున్నది ఇది. ఈ ఊళ్ళో మన తిండికి దగ్గరగా ఉన్నది ఇండియన్ హోటల్లో లేదమ్మా, మెక్సికో వాళ్ళ దగ్గర ఉంది. ఇది తెలుసుకోవడానికి నాకు ఆరు నెలలు పట్టింది.

మా అపార్ట్‌మెంటు వెనకాల ఒక పెట్రోల్ బంకు, దాని పక్కన సాయంత్రం పూట ఒక టాకో బండి నిలబెడతారు. టాకో అంటే చిన్న రొట్టెలో కూర పెట్టి మడిచి ఇచ్చేది. నడిచే పోవచ్చు, అది మొదటి లాభం. బండిలో నీ వయసు ఆమె, కొడుకు డబ్బులు తీసుకుంటాడు. శని, ఆదివారాల్లో ఆమె రొట్టెలు అక్కడే ఒత్తుతుంది. ఏం పిండనుకున్నావ్? మక్కపిండి! నాయినమ్మ చేసినట్టే మక్క రొట్టెలు, కాకపోతే అరచేయంత, చేత్తో తట్టకుండా రెండు ప్లాస్టిక్ కాగితాల మధ్య ఉండ పెట్టి చెక్కతో నొక్కుతుంది. పెనం మీద పడగానే వచ్చిన వాసనకు నేను లైన్లోంచి ఒక అడుగు ముందుకు జరిగాను, ముందున్నాయన తిరిగి చూశాడు. మక్క వాసనే, కానీ లోపల ఇంకేదో ఉంది, నాయినమ్మ ఆకువక్క డబ్బా మూత తీస్తే వచ్చేది. అడిగితే కొడుకు చెప్పాడు, మక్కలను సున్నం నీళ్ళలో ఉడకబెట్టి రాత్రంతా నానబెట్టి, కడిగి, అప్పుడు రుబ్బుతారట. నేను వీడియో తీసి పంపితే నాయినమ్మ ఏమన్నదో గుర్తుందా? "అంచు పగులుతలేదు, ఎట్ల?" అన్నది. అదీ ఆ సున్నం పనే. మన మక్కపిండి వేడినీళ్ళు పోసి ఎంత పిసికినా అంచులు పగులుతాయి, వాళ్ళది మైదాలాగా పట్టుకుంటుంది. నాయినమ్మకు చెప్పు, కానీ తాంబూలం సున్నంతో ప్రయోగాలు చెయ్యొద్దని కూడా చెప్పు.

చిన్నోడు అక్కడ నేర్చుకోవాల్సిన మాటలు నాలుగైదే. "పోయో" అంటే కోడి, అది గట్టిగా చెప్పాలి. "పాపాస్" ఆలుగడ్డ. "అసాదా" అన్నా "లెంగ్వా" అన్నా గొడ్డు మాంసమే, "పాస్తోర్", "కార్నీతాస్" పంది, వాటి జోలికి పోవద్దు. రొట్టె మైదాదా మక్కదా అంటే "మాయిస్" అనాలి. "నోపాలెస్" అని పచ్చగా ఒకటి ఉంటుంది, నాగజెముడు మట్టలు! ముళ్ళు గీకి, కోసి వేయిస్తారు, బెండకాయలాగా జిగటగా, కొంచెం పులుపుగా ఉంటుంది. మన దగ్గర చేను గట్టు మీద పెరిగేదాన్ని ఇక్కడ రెండు డాలర్లిచ్చి తిన్నానని బాపుకు చెబితే నవ్వుతాడు. ఒక్క జాగ్రత్త: ముద్దపప్పులాగా ఉండే చిక్కుడుగింజల కూర, అది పాత పద్ధతిలో పంది కొవ్వులో చేస్తారు. శాకాహారమే కదా అని తినేముందు "మాంతేకా (ఆ పంది కొవ్వే) ఉందా" అని అడగాలి. ఆమె బండిలో నూనెతోనే చేస్తుంది, అన్ని చోట్లా అట్లా ఉండదు.

పచ్చడి రెండు రకాలు, ఎర్రది, ఆకుపచ్చది. ఎర్రదే కారం అనుకొని నేను పచ్చది ఎక్కువ వేసుకున్నా, కళ్ళల్లో నీళ్ళొచ్చినయ్, ఆమె నవ్వి ఒక నిమ్మచెక్క ఇచ్చింది. ఎర్రది ఎండుమిరపకాయలది, రంగు ఎక్కువ, కారం తక్కువ, అచ్చం మన చపాట మిరపకాయ లెక్క. మన ఎనుమాముల మిర్చి మార్కెట్ ఫొటో, ఆ ఎర్రటి రాశులు, ఫోన్లో చూపించా. ఆమె ఫోన్ చేతిలోకి తీసుకొని, కొడుకును పిలిచి, ఇంకొంచెం పెద్దది చేసి చూసింది. అప్పటినుంచి నేను పోతే అడక్కుండానే పచ్చడి డబ్బా రెండోది పెడుతుంది.

కూర్చొని తినే మెక్సికన్ హోటళ్ళు కూడా ఉన్నాయి, అడక్కుండానే బుట్ట నిండా మక్క చిప్స్, పచ్చడి తెచ్చి పెడతారు, మళ్ళీ మళ్ళీ నింపుతారు. చిపోట్లే అని గొలుసు హోటల్ ఉంది, అన్నం, చిక్కుళ్ళు, కూరగాయలు మన ముందే గిన్నెలో వేస్తారు, మాంసం వద్దంటే అవకాడో పచ్చడికి వేరే డబ్బులు తీసుకోరు. ఆ గిన్నె నేను రెండు పూటలు తింటాను. రాత్రి రెండింటికి ఆకలేస్తే వాటాబర్గర్ అనే బర్గర్ల హోటల్, టెక్సాస్ వాళ్ళకు దాని మీద మనకు ఇరానీ చాయ్ మీద ఉన్నంత అభిమానం. నాకు అంత లేదు.

బాపు వస్తే మాత్రం పాత కోర్టు దగ్గరికి తీసుకుపోతాను. 1896లో కట్టిన రాతి భవనం, నాలుగు దిక్కులా దుకాణాలు, సాయంత్రం లాన్ మీద పిల్లలు గిటార్లు వాయిస్తుంటారు. ఆ మూల మీద బెత్ మేరీస్ అనే ఐస్‌క్రీమ్ కొట్టు. రోజంతా లాబ్‌లో ఉండి అక్కడ బెంచీ మీద ఒక కప్పు తింటే, మన భద్రకాళి చెరువు బండ్ మీద కూర్చున్నట్టు ఉంటుంది, నీళ్ళు లేవంతే.

సరుకులకు నెలకోసారి ఎవరి కారులోనన్నా డల్లాస్ పక్కనున్న ఇర్వింగ్ పోతాం, పెట్రోల్ డబ్బులు పంచుకొని. కారు దొరక్కపోతే ఇక్కడినుంచి రైలుంది, ఆదివారం నడవదు, అది చూసుకోకుండా పోయి స్టేషన్లో నిలబడ్డది నేనే. గదిలో వండుకుంటాం, నేను పప్పు, పచ్చిపులుసు, రూమ్మేట్ చికెన్. ఎండుమిరపకాయల తాలింపు పెట్టినప్పుడు కిటికీ తీసి, ఫ్యాన్ వేసి, ఒకడు పొగ అలారం కింద అట్టముక్క పట్టుకొని విసరాలి. చిన్నోడి మొదటి డ్యూటీ అదే.

ఇక వాడితో ఏం పంపాలో. నాటుకోడి పచ్చడి పెట్టొద్దు, మాంసం పచ్చళ్ళు ఎయిర్‌పోర్టులో పట్టుకుంటే పారేస్తారు. కరివేపాకు వద్దు, బియ్యం అసలే వద్దు, ఇక్కడ దొరుకుతాయి. సకినాలు ఐదు కిలోలని చిన్నమ్మ అంటుందట, రెండు చాలు, మిగతావి పొడి అయిపోతాయి. మామిడికాయ తొక్కు పెట్టు, నూనె కారకుండా రెండు కవర్లు చుట్టు. చపాట కారం మాత్రం కిలోంపావు పంపు. కిలో నాకు, పావు ఆ బండి ఆమెకు. డబ్బా మీద తెలుగులోనే రాయి, ఏముందో నేను చెప్పుకుంటాలే.

నీ కొడుకు