పుకాకి సరస్సు పక్కన మాకోసం ఆగిన దంపతులకి, క్రైస్ట్‌చర్చ్ చెల్లికి

న్యూజిలాండ్ నుంచి విజయవాడ తిరిగొచ్చి పది రోజులైంది. సూట్‌కేసులు అటకెక్కాయి, చుట్టాలకి ఫొటోలు చూపించడం కూడా అయింది. అన్నిటికంటే ముందు చెయ్యాల్సిన పని మాత్రం ఇంకా మిగిలే ఉంది. రెండు మూడుసార్లు రాద్దామని కూర్చున్నాను, ప్రతిసారీ కళ్లు చెమర్చి లేచిపోయాను. ఇవాళ మా అమ్మ పక్కనే కుర్చీ వేసుకుని “రాయి, అయ్యేదాకా లేవనివ్వను” అంది.

వెళ్లింది నలుగురం. అమ్మ, నాన్న, ఆరేళ్ల మా పాప, నేను. మా ఆయనకి సెలవు దొరకలేదు. సౌత్ ఐలాండ్‌లో తొమ్మిది రోజులు, అద్దె కారు, నడిపేది నేనొక్కదాన్నే. అక్కడ కూడా మనలాగే ఎడమవైపు నడపాలి, మన లైసెన్సు ఇంగ్లీషులో ఉంటే చెల్లుతుంది అని తెలిశాక ధైర్యం చేశాను.

ముందుగా క్రైస్ట్‌చర్చ్ చెల్లి గురించి. తను మా వదిన వాళ్ల ఊరి అమ్మాయి, అక్కడ నర్సు. నేను తనని అంతకుముందు ఒక్కసారి కూడా చూడలేదు. నైట్ డ్యూటీ దిగి, ఇంటికి కూడా వెళ్లకుండా నేరుగా ఎయిర్‌పోర్ట్‌కి వచ్చింది. తను రాకపోతే మా ప్రయాణం అద్దె కారు కౌంటర్ దగ్గరే ఆగిపోయేది. డిపాజిట్ కింద కొంత డబ్బు కార్డు మీద పట్టి ఉంచుతారు కదా, దానికి నేను విదేశీ డబ్బు ముందే నింపుకుని పట్టుకెళ్లిన ఫారెక్స్ కార్డు పనికిరాదన్నారు. కారు నడిపేవాళ్ల పేరు మీదే క్రెడిట్ కార్డు కావాలట. నా క్రెడిట్ కార్డు ఇస్తే మెషిన్ తీసుకోలేదు. వెనకాల లైను పెరుగుతోంది, పాప ఏడుస్తోంది, నాకు చేతులు వణుకుతున్నాయి. చెల్లి నెమ్మదిగా, “అక్కా, బ్యాంకు యాప్‌లో విదేశీ వాడకం ఆన్ చేశావా?” అని అడిగింది. చెయ్యలేదు. తన ఫోన్ నుంచి ఇంటర్నెట్ ఇచ్చి, పక్కన నిలబడి ఆన్ చేయించింది. రెండు నిమిషాల్లో పని అయిపోయింది.

అగ్రిమెంట్ కాగితాలు కూడా తనే నాతో చదివించింది. ప్రమాదం జరిగితే మన జేబులోంచి ఎంత కట్టాలో, రోజుకి కొంచెం ఎక్కువ కడితే అది ఎంత తగ్గుతుందో, టైర్లూ అద్దాలూ అందులో కలిశాయో లేదో. మావాటిలో టైర్లు కలవలేదు. క్వీన్స్‌టౌన్ దగ్గర స్కిప్పర్స్ రోడ్డులోకి వెళ్తే ఇన్సూరెన్స్ వర్తించదన్న వాక్యం కింద పెన్నుతో గీత గీసింది. ఏడేళ్లు నిండేదాకా పిల్లలకి కారులో వేరే సీటు తప్పనిసరి అక్కడ. “అద్దె ఎందుకు అక్కా, మా బాబుది తీసుకెళ్లు” అని వాళ్లబ్బాయి సీటు తెచ్చి తనే బిగించింది.

రాత్రంతా నిద్రలేని మనిషి, ఇంకో గంట నా పక్కన కూర్చుని కారు నడిపించింది. రౌండెబౌట్‌లో కుడివైపు నుంచి వచ్చే బండికి దారి ఇవ్వాలి. ఒక్క బండి మాత్రమే పట్టే వంతెనలు దారి పొడవునా వస్తాయి. గుండ్రటి బోర్డు మీద మనవైపు బాణం చిన్నగా, ఎర్రగా ఉంటే మనం ఆగాలి. నీలం బోర్డు మీద మన బాణం పెద్దగా, తెల్లగా ఉంటే మనం ముందు వెళ్లొచ్చు. ఆ తొమ్మిది రోజుల్లో ప్రతి వంతెన దగ్గరా మా పాప “చిన్న ఎర్ర బాణం, ఆగమ్మా!” అని అరిచేది. చెల్లీ, ఆ మాట నువ్వు నేర్పిందే.

ఇక ఏప్రిల్ 25.

ముందురోజు రాత్రి ట్వైజెల్‌లో ఉన్నాం. పొద్దున్నే మౌంట్ కుక్‌కి బయలుదేరాం. 80వ నంబరు హైవే పుకాకి సరస్సు అంచునే వెళ్తుంది. హిమానీనదాలు కొండల్ని అరగదీసిన సన్నటి రాతిపిండి కలిసి ఆ నీళ్లకి పాలు పోసినట్టుండే నీలిరంగు వస్తుందట. ఎదురుగా 3,724 మీటర్ల మౌంట్ కుక్ శిఖరం. అమ్మ ఒక్క ఫొటో అంటే పక్కన కంకర మీదికి దింపాను. మళ్లీ ఎక్కి కొంచెం దూరం వెళ్లానో లేదో, స్టీరింగ్ ఎడమకి లాగేస్తోంది.

మా నాన్న ఆర్టీసీ గ్యారేజీలో ముప్ఫై ఏళ్లు పనిచేశారు. దిగి ఒక్కసారి చెయ్యి పెట్టి చూసి, “ఇది పంక్చర్ కాదమ్మా, టైరు పక్కన కోసుకుపోయింది” అన్నారు. డిక్కీలో స్టెప్నీ లేదు. దాని చోట ఒక చిన్న గాలి మెషినూ, తెల్లటి జిగురు సీసా ఉన్నాయి. అది మేకు దిగిన చిన్న చిల్లులకే గాని ఇంత కోతకి ఆగదు. సిగ్నల్ వస్తూ పోతూ ఉంది. ఎలాగో కంపెనీ హెల్ప్‌లైన్ దొరికితే, ఇవాళ సెలవు, మనిషి రావడానికి నాలుగు గంటలు పట్టొచ్చన్నారు.

ఆ రోజు ఆన్‌జాక్ డే. మొదటి ప్రపంచ యుద్ధంలో, 1915లో ఇదే తేదీన టర్కీలోని గల్లిపోలిలో దిగిన ఆస్ట్రేలియా, న్యూజిలాండ్ సైనికుల్ని తలుచుకునే రోజు. మధ్యాహ్నం 1 గంట దాకా దుకాణాలు మూసే ఉంటాయి. చలి ఎముకలు కొరుకుతోంది. నాన్నకి షుగర్. పొద్దున మాత్ర వేసుకుని రెండు బ్రెడ్ ముక్కలే తిన్నారు. చూస్తుండగానే ఆ చలిలో ఆయన నుదుటి మీద చెమట పట్టింది, మాట తడబడింది. బ్యాగులో ఉండాల్సిన గ్లూకోజ్ ప్యాకెట్టు మోటెల్‌లో ఉండిపోయింది.

అప్పుడు ఆగింది ఆ పికప్ బండి. డెబ్భై ఏళ్లకి అటూ ఇటుగా ఉన్న దంపతులు. ఇద్దరి కోట్ల మీదా, ఆ సైనికుల జ్ఞాపకంగా పెట్టుకునే ఎర్రటి పాపీ పువ్వు. ట్వైజెల్‌లో తెల్లవారుజామున జరిగిన స్మారక సభ నుంచి తమ గొర్రెల ఫారానికి తిరిగి వెళ్తున్నారట. ఆవిడ నాన్న మొహం చూసి నన్ను ఒక్క ప్రశ్న కూడా అడగలేదు. బండిలోంచి రేకు డబ్బా తీసి నాన్న చేతిలో బిస్కెట్ పెట్టి, ఫ్లాస్కులోంచి చక్కెర కలిపిన టీ పోశారు. అమ్మకి ఇస్తే అమ్మ నావైపు చూసింది. అమ్మ గుడ్డు ముట్టదు. నేను అడిగితే ఆవిడ, ఇవి ఆన్‌జాక్ బిస్కెట్లు, వీటిలో గుడ్డు వెయ్యరు, ఓట్సు, కొబ్బరి, వెన్న, చెరకు పాకం లాంటివే అని చెప్పారు. అమ్మ వాసన చూసి “కొబ్బరి లౌజులా ఉందే” అని తిన్నది. పావుగంటలో నాన్న మాట మామూలైంది.

పెద్దాయన హెల్ప్‌లైన్ వాళ్లతో తనే మాట్లాడి, టైరు మార్పించుకోవడానికి అనుమతి తీసుకున్నారు, రసీదు ఉంచమన్నారట. అమ్మానాన్నల్ని, పాపని ఐదు నిమిషాల దూరంలో ఉన్న వాళ్లింట్లో దింపారు. దానికి పాప సీటు కూడా మా కారులోంచి విప్పి వాళ్ల బండిలో బిగించారు. మళ్లీ వచ్చి, కారు కింద దుంగ పెట్టి, చక్రం ఊడదీసి, నన్ను ఎక్కించుకుని ట్వైజెల్ వెళ్లారు. దారిలో, గల్లిపోలిలో భారత సైనికులు కూడా పోరాడారని, ఆ సంగతి ఈ రోజు గుర్తుచేసుకోవడం ఆయనకి ఇష్టమని చెప్పారు. నేను ఏమీ మాట్లాడలేకపోయాను.

టైర్ల షాపాయన సెలవు రోజు ఇంట్లోంచి వచ్చి షట్టర్ ఎత్తారు. ఆయన చొక్కాకీ అదే ఎర్ర పువ్వు. సైజు సరిపోయే టైరు ఒకటే ఉంది. టైరు ధర తప్ప ఒక్క డాలరు ఎక్కువ తీసుకోలేదు.

తిరిగొచ్చేసరికి వాళ్ల వంటింట్లో అమ్మా, ఆవిడా పొయ్యి దగ్గర నిలబడి ఉన్నారు. అమ్మకి ఇంగ్లీషు రాదు, ఆవిడకి తెలుగు రాదు. గిన్నెలో పాకం చూపించి అమ్మ రెండు వేళ్ల మధ్య తీగ సాగదీసి చూపిస్తోంది, ఆవిడ తల అడ్డంగా ఊపుతూ, అంత అక్కర్లేదని సైగ చేస్తున్నారు. చక్రం బిగించేటప్పుడు నాన్న కూడా వచ్చారు. వద్దన్నా వినలేదు. బోల్టులు వరసగా కాకుండా ఒకదానికి ఎదురుగా ఉన్నది, ఒకదానికి ఎదురుగా ఉన్నది బిగిస్తూ వెళ్తుంటే పెద్దాయన పక్కన చూస్తూ నిలబడి, అయ్యాక నాన్న భుజం తట్టారు. రిటైర్ అయ్యాక నాన్న మొహంలో అంత వెలుగు నేను చూడలేదు.

పెట్రోలు డబ్బులు ఇవ్వబోతే పెద్దాయన నా చెయ్యి మూసేశారు. ఆవిడ తన కోటు మీది పాపీ తీసి మా పాప స్వెట్టర్‌కి పెట్టారు.

మిగతా ప్రయాణం ఏ ఆటంకం లేకుండా సాగింది. లిండిస్ పాస్ దాటి క్వీన్స్‌టౌన్, అక్కడి నుంచి తే అనౌ, మిల్ఫర్డ్. చెల్లి చెప్పినట్టే తే అనౌలో ట్యాంకు నింపుకున్నాం, 120 కిలోమీటర్ల దారిలో మధ్యలో ఎక్కడా ఆ చింత లేకుండా పోయింది. విదేశంలో కారు తీసుకునేవాళ్లు ఎవరైనా ఇది చదువుతుంటే, కౌంటర్ వదిలే ముందు డిక్కీ తెరిచి స్టెప్నీ ఉందో లేదో చూసుకోండి. షుగర్ ఉన్నవాళ్లు వెంట ఉంటే గ్లూకోజ్ కారులోనే పెట్టండి.

ఆ దంపతులు పేరు రాయొద్దన్నారు, అందుకే రాయడం లేదు. అయ్యా, అమ్మా, ఆ పొద్దున మీరు ఆగారు కాబట్టి మా నాన్న మాతో ఇంటికి వచ్చారు. టైర్ల షాపు అన్నగారికి కూడా మా నలుగురి నమస్కారాలు.

చెల్లీ, వచ్చే ఆదివారం నువ్వు వాళ్లకి ఫోన్ చేస్తానన్నావు కదా. ఇదంతా వాళ్లకి ఇంగ్లీషులో చదివి వినిపించు. అమ్మ నిన్న బెల్లం పాకంతో ఆ బిస్కెట్లు చేసిందని, మొదటి వాయి కొంచెం మాడినా రెండోది కుదిరిందని కూడా చెప్పు. ఫొటో విడిగా పంపిస్తున్నాను.