గ్యారేజీ టైల్స్: ఇకపై ఏ పని ఒప్పుకుంటాం, ఏది ఒప్పుకోం

మా చేత గ్యారేజీలో టైల్స్ వేయించుకున్నవారికీ, వేయించుకోవాలని అడుగుతున్నవారికీ ఈ మాటలు. బండి పెట్టి తలుపు మూసేసే గ్యారేజీల గురించి కాదు. ఆయిలు మార్చడం, చక్రాలు విప్పడం, గ్రైండరు, అప్పుడప్పుడు వెల్డింగు, ఇలా నిత్యం పని జరిగే గ్యారేజీల గురించి. వేసిన నేలలు వాడకంలో ఎలా ఉన్నాయో వెళ్లి చూస్తుంటాం. చూసినదాన్ని బట్టి కొన్ని పనులు ఇకపై ఒప్పుకోకూడదని అనుకున్నాం.

అందరూ ముందు అడిగేది, కారు బరువుకు టైలు పగలదా అని. కింద గట్టిగా ఉంటే పగలదు. నీటిని అర శాతానికి మించి పీల్చని విట్రిఫైడ్ టైలు, మందం 7.5 మిల్లీమీటర్లో అంతకు పైనో ఉంటే, కనీసం 1300 న్యూటన్ల బలానికి తట్టుకోవాలని అంతర్జాతీయ ప్రమాణం ఐఎస్ఓ 13006 చెబుతుంది. అంటే దాదాపు 130 కిలోల బరువు. మరి కారు ఒక్కో చక్రం మీద 300, 400 కిలోలు పడుతుంది కదా? ఆ పరీక్షలో టైలును రెండు కడ్డీల మీద ఆనించి, కింద ఖాళీగా ఉంచి, నడిమధ్యన నొక్కుతారు. నేల మీద ఆ ఖాళీయే లేకపోతే టైలు వంగడానికి చోటుండదు, బరువు నేరుగా కాంక్రీటులోకి దిగిపోతుంది. ఖాళీ ఉంటే మాత్రం ప్రయోగశాలలో చేసే ఆ పరీక్ష మీ గ్యారేజీలో రోజూ జరుగుతున్నట్టే.

అందుకే నాలుగు మూలలా, మధ్యలో ముద్దలు పెట్టి టైలు అతికించే పద్ధతిని గ్యారేజీలో మేం చేయం. పళ్ల తాపీతో అడెసివ్‌ను (టైలు అతికించే జిగురును) ఒకే దిక్కుగా గీసి, టైలు వెనక కూడా పలుచగా పూసి, నొక్కి కూర్చోబెడతాం. మధ్యమధ్యలో ఒక టైలు తడిగా ఉండగానే లేపి వెనక చూస్తాం. వెనక భాగంలో కనీసం 95 శాతానికి అడెసివ్ పట్టి ఉండాలి. ఆరుబయటి నేలలకు, తడి చోట్లకు పెట్టిన లెక్క అది, గ్యారేజీకి కూడా అంతే కావాలి. దీనికి సమయం పడుతుంది. ఆ సమయం ఇవ్వలేనంటే పని ఒప్పుకోలేం. కొత్తగా పోసిన కాంక్రీటు మీద 28 రోజులు నిండనిదే మొదలుపెట్టం.

కాంక్రీటులో కోసి వదిలిన జాయింటు ఉంటే దాన్ని టైలుతో కప్పేయం, అదే గీతలో పైకి తెచ్చి సాగే సీలెంటుతో నింపుతాం. గోడల వెంట కూడా సందు వదులుతాం. తలుపు దగ్గర ఎండ పడే భాగంలో 2.4 నుంచి 3.7 మీటర్లకొక జాయింటు ఉండాలి. ఆ గీతలు చూడ్డానికి బాగోవని కొందరు వద్దంటారు. అవి లేకపోతే వేడికి టైల్స్ ఒకదాన్నొకటి నెట్టుకుని పైకి లేస్తాయి. నీళ్లు బయటికి పోయేలా ఉన్న వాటం కూడా అలాగే ఉంచుతాం.

నిగనిగలాడే పాలిష్ టైల్స్ గ్యారేజీకి అసలు వేయం. ఆయిలు, నీళ్లు కలిసి పడితే మనిషి జారిపోతాడు. పాత జర్మన్ ప్రమాణం డిన్ 51130 నుంచి వచ్చిన పరీక్షలో వాలుపలక మీద ఆయిలు పోసి, దాని మీద మనిషిని నడిపించి ఆర్9 నుంచి ఆర్13 దాకా గ్రేడు ఇస్తారు, అంకె పెరిగేకొద్దీ జారుడు తక్కువ. పని గ్యారేజీకి ఆర్11కు తక్కువ వద్దు. గరుకు పెరిగేకొద్దీ తుడవడం కష్టమవుతుంది, ఆ మాట ముందే చెబుతున్నాం.

మాకు వచ్చే ఫిర్యాదుల్లో ఎక్కువ భాగం టైలువి కావు, టైల్స్ మధ్య సందుల్లో నింపే గ్రౌట్‌వి. సిమెంటు గ్రౌట్ ఆయిలు పీల్చుకుని నల్లబడుతుంది, బ్యాటరీ యాసిడ్ పడితే అది గ్రౌట్‌ను తినేస్తుంది. ఇకపై సిమెంటుకు బదులు రెసిన్‌తో చేసే ఎపాక్సీ గ్రౌట్ మాత్రమే. యాసిడ్ ఒలికితే వంటసోడా చల్లి, పొంగు ఆగాక కడగండి. చక్రాలు శుభ్రం చేసే ద్రావణం కొనేటప్పుడు డబ్బా మీద హైడ్రోఫ్లోరిక్ యాసిడ్ అని ఉందేమో చూడండి. అది టైలు మెరుగును కూడా కరిగిస్తుంది.

జాకీ స్టాండు చిన్న కాళ్ల కింద మందపాటి ప్లైవుడ్ వేయండి. బండిని లేపే చక్రాల జాకీ కింద వేసే పలక మాత్రం పొడుగ్గా ఉండాలి. బండి లేస్తున్నప్పుడు జాకీ కొంచెం దొర్లాలి, చిన్న ముక్క మీద దొర్లలేకపోతే ఒరిగిపోయే ప్రమాదం ఉంది.

సుత్తి అంచు మీద పడితే పెచ్చు లేస్తుంది. దానికి గ్యారంటీ ఇవ్వలేం. లోపలిదాకా ఒకే రంగున్న ఫుల్ బాడీ టైలు తీసుకుంటే ఆ దెబ్బ అంతగా కనబడదు.

వెల్డింగే మీ ముఖ్యమైన పనైతే టైల్స్ వేయించుకోవద్దు. టైలును కాల్చేది దాదాపు 1200 డిగ్రీల దగ్గర, ఉక్కు కరిగేది 1400 డిగ్రీల పైన. కరిగిన చుక్క పడిన చోట మచ్చ మిగిలిపోతుంది. మామూలు కాంక్రీటు నేలే మీకు మేలు. మా దగ్గర పని తగ్గినా సరే, ఇదే చెబుతాం.

ఇప్పటికే మాతో వేయించుకున్నవారు ఒక చెక్క పిడితో నేలంతా తట్టి చూడండి. గుల్లగా పలికితే కింద ఖాళీ ఉన్నట్టు, ఆ టైలు మీద సుద్దముక్కతో గుర్తు పెట్టి ఫొటో పంపండి. పగలకముందే తీసి మళ్లీ వేస్తాం. అదే బ్యాచ్ టైల్స్ మీ దగ్గర మిగిలి ఉన్నాయో లేదో కూడా రాయండి.