తాగి పడిపోయిన మనిషి మీద జోకు వెయ్యనన్నవాడికి ఒక్క ముక్కేనా?

ఎడిటర్ గారికి నమస్కారం.

మొన్న ఆదివారం మీ పుస్తకంలో అమెరికా లేట్‌నైట్ కామెడీ షోల మీద వచ్చిన వ్యాసం చదివాను. స్టీఫెన్ కోల్బేర్ చేస్తున్న షోని 2026 మే నెలతో ఆపేస్తామని సీబీఎస్ టీవీ ఛానల్ వాళ్లు 2025 జులైలో ప్రకటించారు కదా, అక్కడ మొదలుపెట్టి జానీ కార్సన్, డేవిడ్ లెటర్‌మన్ దాకా బాగానే రాశారు. కానీ క్రెయిగ్ ఫెర్గూసన్ దగ్గరికి వచ్చేసరికి 'మూడు పెళ్లిళ్లు చేసుకున్న ఒకప్పటి తాగుబోతు' అని ఒక్క ముక్కతో వదిలేశారు. నాకు చాలా బాధ అనిపించింది, అందుకే ఈ ఉత్తరం. కాస్త పొడుగైంది, చోటు చాలకపోతే ఎక్కడైనా కత్తిరించుకోండి గానీ 2007 సంగతి రాసిన భాగం మాత్రం ఉంచమని నా విన్నపం.

మాది పశ్చిమ గోదావరి జిల్లా ఉండి మండలం, రొయ్యల చెరువులు చేస్తాం. రొయ్యల రైతుకి రాత్రి నిద్ర ఉండదని మీకు చెప్పక్కర్లేదు. అర్ధరాత్రి దాటిన దగ్గర్నుంచి తెల్లారేదాకా నీళ్లలో ఆక్సిజన్ పడిపోతూ ఉంటుంది, ఆ టైములో కరెంటు పోయి, నీళ్లలో గాలి కలిపే ఏరియేటర్లు ఆగితే జనరేటర్ వెయ్యడానికి మనిషి ఉండాలి, లేకపోతే పొద్దున్నకి సరుకంతా తేలిపోతుంది. అలా గట్టు మీద మకాంలో కూర్చుని ఫోన్లో ఏదో ఒకటి చూస్తూ ఉండగా దొరికాడు ఫెర్గూసన్. ఆయన ఇంగ్లీషు స్కాట్లండ్ యాసలో ఉంటుంది, మొదట్లో సగం అర్థమయ్యేది కాదు, కింద అక్షరాలు పెట్టుకుని చూసేవాణ్ణి. ఇప్పుడు ఆ అక్షరాల అవసరం లేదు.

ముందు ఆయన ఎవరో మీ పాఠకులకి కొంచెం చెప్పనివ్వండి. 1962లో గ్లాస్గోలో పుట్టాడు, ఆ పక్కనే కంబర్నాల్డ్ అనే ఊళ్లో పెరిగాడు. తండ్రి పోస్టాఫీసు ఉద్యోగి, తల్లి ప్రైమరీ స్కూలు టీచరు, అంటే మన భీమవరంలోనో తణుకులోనో ఏ వీధిలో అయినా కనపడే ఇల్లే. పదహారేళ్లకి చదువు మానేసి ఎలక్ట్రానిక్స్ టెక్నీషియన్ పని నేర్చుకోవడానికి చేరాడు, తర్వాత పంక్ బ్యాండుల్లో డ్రమ్స్ వాయించాడు, 1986లో ఎడిన్‌బరా ఫెస్టివల్‌లో ఒక విచిత్రమైన పాత్ర కట్టి స్టాండప్ కామెడీలో పేరు తెచ్చుకున్నాడు. ఈ కాలమంతా తాగుడే. మామూలు తాగుడు కాదు, ఒక క్రిస్మస్ రోజున లండన్‌లో ఇక ప్రాణం తీసుకుందామని నిర్ణయించుకునే దాకా వెళ్లింది. ఆ పొద్దున ఎవరో ఒక గ్లాసు షెర్రీ అనే వైను చేతిలో పెడితే అది తాగి, ఆ తర్వాత ఇంకొన్ని తాగి, అనుకున్న పని మర్చిపోయాడట. ఇది ఆయనే టీవీలో చెప్పాడు.

1992 ఫిబ్రవరి 18న మానేశాడు. మన దూబగుంట ఆడవాళ్లు సారా మీద తిరగబడ్డ ఏడాది కూడా అదే, ఈ రెండిటికీ సంబంధం ఏమీ లేదు గానీ నాకు ఆ తేదీ అలాగే గుర్తుండిపోయింది. అమెరికా వెళ్లాక 1996 నుంచి ఒక టీవీ కామెడీ సీరియల్లో బాస్ వేషం ఏళ్ల తరబడి వేశాడు, సినిమా కథలు రాశాడు. 2005 జనవరిలో సీబీఎస్‌లో ది లేట్ లేట్ షో ఆయన చేతికి వచ్చింది. అక్కడి రాత్రి 12:37కి వచ్చే షో అది. పెద్ద పెద్ద వాళ్లంతా లెటర్‌మన్ షో చూసి పడుకున్నాక మిగిలేది ఎవరు? నైట్ డ్యూటీ వాళ్లు, నిద్రపట్టనివాళ్లు, ఇంట్లో జబ్బు మనిషిని పెట్టుకుని కూర్చున్నవాళ్లు. వాళ్ల కోసం 2014 డిసెంబర్ దాకా దాదాపు పదేళ్లు చేశాడు.

ఆ షోకి బ్యాండు లేదు, డబ్బూ పెద్దగా లేదు. పక్కన వాయిద్యాలవాళ్లకి బదులు 2010 నుంచి ఒక అస్థిపంజరం రోబో ఉండేది. గెస్టు వచ్చి కూర్చోగానే, అడగాల్సిన ప్రశ్నలు రాసిచ్చిన నీలం కార్డులు గెస్టు ఎదురుగానే చింపి పారేసేవాడు. ఇక అక్కడి నుంచి మాటే, ఎటు పోతే అటు. 2009లో దక్షిణాఫ్రికా ఆర్చిబిషప్ డెస్మండ్ టూటూ గారిని కూర్చోబెట్టి షో అంతా ఆయనతోనే మాట్లాడాడు, ఆ ఎపిసోడ్‌కి, మంచి టీవీ, రేడియో కార్యక్రమాలకి అమెరికాలో ఇచ్చే పీబాడీ అవార్డు వచ్చింది. వర్ణవివక్షతో పోరాడిన మనిషితో పన్నెండున్నర దాటాక ఒక కామెడీ షోలో అంత తీరిగ్గా, అంత నవ్వుతూ, అంత మర్యాదగా మాట్లాడడం మామూలు విషయం కాదు. మన ఛానళ్లలో యాంకరు గెస్టుని ఒక వాక్యం పూర్తి చెయ్యనివ్వడం ఎప్పుడైనా చూశారా మీరు?

ఇప్పుడు అసలు సంగతి. 2007 ఫిబ్రవరిలో గాయని బ్రిట్నీ స్పియర్స్ తన గుండు తనే చేసుకుంది, ఫొటోగ్రాఫర్లు కిటికీ అద్దంలోంచి ఫొటోలు తీశారు, ప్రపంచమంతా నవ్వింది. ఇక్కడ మన పేపర్లలో కూడా ఆ ఫొటో వచ్చింది. పాతికేళ్ల పిల్ల, ఇద్దరు చంటిబిడ్డల తల్లి. ఆ వారం కామెడీవాళ్లందరికీ అదే సరుకు. ఫిబ్రవరి 19న ఫెర్గూసన్ కెమెరా ముందుకి వచ్చి, ఈ రాత్రి ఆమె మీద జోకులు ఉండవు అన్నాడు. అంతకుముందు తనూ ఇలాంటివాళ్ల మీద జోకులు వేసినవాడే, కానీ ఇక మనసొప్పడం లేదని చెప్పాడు. కామెడీ అంటే అధికారంలో ఉన్నవాళ్ల మీద, డబ్బాలు కొట్టుకునేవాళ్ల మీద వెయ్యాలి గానీ, దిక్కుతోచని స్థితిలో ఉన్నవాళ్ల మీద కాదు అన్నాడు. తను తాగుడు మానేసి సరిగ్గా పదిహేనేళ్లు నిండిన రోజు ఆ ఆదివారమే వచ్చిందని, తన వీకెండూ ఆమె వీకెండూ పక్కపక్కన పెట్టుకుని చూసుకున్నానని చెప్పి, పైన నేను రాసిన ఆ క్రిస్మస్ కథంతా అక్కడే చెప్పాడు.

ఆ వీడియోలో గమనించాల్సింది ఆడియన్స్‌ని. వాళ్లు కామెడీ షోకి వచ్చారు, అలవాటు కొద్దీ నవ్వుతూనే ఉన్నారు, ఇదిగో ఇప్పుడు జోకు వస్తుంది, ఇప్పుడు వస్తుంది అనుకుంటూ. ఆయన ఆగడు, కోప్పడడు, మధ్యలో తన తాగుడు మీద తనే ఒకటి రెండు వేసి వాళ్లని నవ్వించి మళ్లీ విషయంలోకి వస్తాడు. ఆమెకి ఏ జబ్బు ఉందో నాకు తెలియదు, నాకైతే తాగుడు పడదు, అంతే తెలుసు అన్నట్టు మాట్లాడాడు. సాయం కావాలంటే ఫోన్ డైరెక్టరీలో మొదటి పేజీల్లోనే దొరుకుతుంది అన్నాడు. ఆమె ఆస్తుల మీద, ఆమె జీవితం మీద తండ్రికి కోర్టు అధికారం ఇవ్వడం ఆ మరుసటి ఏడాది జరిగింది, ఆ కోర్టు ఏర్పాటు 2021 నవంబర్ దాకా సాగింది. ఆ 2021లోనే జనం ఈ పాత వీడియో మళ్లీ బయటికి తీసి, ఆ రోజుల్లో ఈ మాట అన్నవాడు ఒకడు ఉన్నాడు అని పంచుకున్నారు.

అందుకే అంటున్నాను, ఈ మనిషి విషయంలో సొంత జీవితం వేరు, వృత్తి వేరు అని రాయడం కుదరదు. తాగి పడిపోయినవాడు గనకే, పడిపోయినవాళ్లని చూసి నవ్వలేకపోయాడు. 2006లో తండ్రి పోతే ఆ తర్వాతి షో అంతా తండ్రి గురించే, నవ్వించాడు, కళ్లనీళ్లు పెట్టించాడు. 2008 చివర్లో తల్లి పోయినప్పుడూ అంతే. ఆయన పెళ్లిళ్లు మూడు, నిజమే, ఇద్దరు కొడుకులు. అది చెప్పినంత మాత్రాన ఆయన గురించి చెప్పినట్టు కాదు.

ఇక మన సంగతి. గోదావరి జిల్లాలవాళ్లకి వెటకారం పుట్టుకతో వస్తుంది అంటారు. అల్లు రామలింగయ్య గారిది పాలకొల్లు, రాజబాబు గారిది రాజమండ్రి, ఎమ్మెస్ నారాయణ గారిది నిడమర్రు, ఆయన భీమవరం కాలేజీలో తెలుగు పాఠాలు చెప్పిన లెక్చరరు. నారాయణ గారికి సినిమాల్లో అంత పేరు తెచ్చింది తాగుబోతు వేషమే, నాకు ఆయనంటే ప్రాణం, ఆ నటన ఎవరికీ రాదు. కానీ ఆయన తర్వాత ఆ వేషాన్ని అందరూ అరగదీశారు. 2013లో జబర్దస్త్ వచ్చాక మన టీవీల్లో స్కిట్ల కామెడీ పెరిగింది, మన పల్లెల కుర్రాళ్లకి అన్నం పెట్టింది, అందుకు సంతోషమే. అయితే ఏ ఛానల్ పెట్టినా మొగుడు తూలుతూ వస్తాడు, పెళ్లాం చీపురు తీస్తుంది, వెనక నుంచి నవ్వుల శబ్దం వేస్తారు. ఆ తూలే మనిషి ఇల్లు ఎలా ఉంటుందో ఆ స్కిట్టు రాసినవాళ్లకి తెలియదా? మా మండలంలో ఏ వీధికి వెళ్లినా తెలుస్తుంది.

మా బావ సంగతి చెప్తాను, అక్క ఒప్పుకున్నాకే రాస్తున్నాను. బావ మంచి పనిమంతుడు, వలలు పట్టించడంలో, కౌంటు, అంటే కిలోకి ఎన్ని రొయ్యలు తూగుతాయో చూసి ధర మాట్లాడడంలో ఆయన తర్వాతే ఎవరైనా. వైరస్ కొట్టి రెండు పంటలు పోయాక తాగుడు ముదిరింది. మా చుట్టాల పెళ్లిలో అందరూ చుట్టూ చేరి, "ఇంకో పెగ్గు ఏసుకోండి బావగారూ, ఆ డాన్సు ఒక్కసారి ఎయ్యండి" అని రెచ్చగొట్టి, ఆయన పందిట్లో పడిపోతే వీడియో తీసి, దాని వెనక ఒక కామెడీ డైలాగు తగిలించి వాట్సాప్‌లో పెట్టారు. పొద్దున్నకి ఊరంతా తిరిగింది. ఆయన కూతురు అప్పుడు ఇంటర్ చదువుతోంది, కాలేజీ బస్సులో ఎవరో అదే వీడియో ఆ పిల్లకి చూపించి నవ్వారు. కొన్నాళ్లు కాలేజీకి వెళ్లనని కూర్చుంది. ఆ వీడియో తీసినవాళ్లు చెడ్డవాళ్లేం కాదు, ఆపద వస్తే అర్ధరాత్రి కూడా బండేసుకుని వస్తారు. తాగినవాడు కనపడితే నవ్వాలి అని మనకి చిన్నప్పటినుంచి టీవీ, సినిమా నేర్పాయి, వాళ్లు అదే చేశారు.

బావ ఇప్పుడు మానేశాడు. డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాం, మందులు వాడాడు, మధ్యలో ఒకసారి మళ్లీ జారాడు, మళ్లీ నిలబడ్డాడు. కానీ ఇప్పటికీ ఏ ఫంక్షన్‌కి వెళ్లినా ఎవడో ఒకడు "ఏం బావా, డాన్సు లేదా?" అంటాడు. ఆ మాటకి ఆయన మొహం చూడలేం.

నవ్వితే ఏం పోయింది, ఊరికే టెన్షన్ తగ్గడానికి కదా అని మీ పాఠకులు కొందరు అనుకోవచ్చు. ఫెర్గూసన్ కూడా తాగుడు మీద జోకులు మానలేదు, పదేళ్లూ వేస్తూనే ఉన్నాడు, అన్నీ తన తాగుడు మీదే. మానినవాడు తన కథ తనే చెప్పి నవ్విస్తే, అది వింటున్న ఇంకో తాగుబోతుకి ఓహో, బయటపడొచ్చన్నమాట అని ధైర్యం వస్తుంది. మూలుగుతున్నవాడి చుట్టూ చేరి మిగతావాళ్లు నవ్వితే వాడు ఇంకా దాక్కుంటాడు, దాక్కుని ఇంకా తాగుతాడు. మా ఇంట్లో జరిగింది అదే. ప్రభుత్వాలు వచ్చి మద్యం ఆపాయి, 1995లో సంపూర్ణ నిషేధం పెట్టారు, 1997లో ఎత్తేశారు, ఆ వాదన మళ్లీ ఇక్కడ తవ్వడం నా ఉద్దేశం కాదు. తాగేవాడు ఒక జబ్బు మనిషి అని నమ్మడానికి ఏ జీవో అక్కర్లేదు.

మిమ్మల్ని అడిగేది రెండే. ఫెర్గూసన్ గురించి ఆ ఆదివారం పుస్తకంలోనే సరైన వ్యాసం ఒకటి వెయ్యండి, 2007 ఫిబ్రవరి 19 నాటి ఆ మాటలు తెలుగులో పూర్తిగా ఇవ్వండి, మన స్కిట్లు రాసే కుర్రాళ్లు చదువుతారు. రెండోది, మీ జిల్లా పేజీలో తాగి పడిపోయినవాళ్ల ఫొటోలు చమత్కారం హెడ్డింగులతో వెయ్యడం ఆపండి. ఈ మధ్య బస్టాండులో పడుకున్న ఒకాయన ఫొటో అలాగే వేశారు, మొహం స్పష్టంగా కనపడుతోంది, ఆయనకీ ఇంట్లో పిల్లలు ఉంటారు. ఆ ఫొటో వేసిన చోట తాగుడు మానాలనుకునేవాళ్ల కోసం కేంద్రం పెట్టిన టోల్‌ఫ్రీ నంబరు 14446, మనసు బాగోలేనివాళ్ల కోసం ఉన్న టెలీమానస్ నంబరు 14416 వెయ్యండి. ఫోన్ డైరెక్టరీలు ఇప్పుడు ఎవరింట్లోనూ లేవు, మా వైపు పొద్దున్నే టీ కొట్టు దగ్గర అందరి చేతులూ మారేది మీ పేపరే.

ఇట్లు,
ఒక రొయ్యల రైతు,
ఉండి మండలం, పశ్చిమ గోదావరి జిల్లా