షెడ్డులోని ఫియట్‌ను చూసి అడుగుతున్నవాళ్లకు

మన షెడ్డుకి వచ్చే అందరి కళ్లూ ముందు వెనక మూల టార్పాలిన్ కింద ఉన్న ప్రీమియర్ పద్మిని, అదే మనం ఫియట్ అనే పాత కారు మీదే పడతాయి. అది అమ్మకానికి కాదండీ, నా సరదా బండి. ఈ మధ్య దాన్ని చూసి "మా నాన్నగారి కారు కూడా ఇలాగే చేసిపెట్టండి" అని చాలామంది అడుగుతున్నారు. ఉన్నదున్నట్టు చెప్పేస్తున్నాను: ఆ పద్ధతిలో మీ కారు చెయ్యను.

నా బండికి గడువు లేదు. తలుపుకీ బాడీకీ మధ్య సందు పైనుంచి కిందిదాకా ఒకేలా రావాలని కీలు విప్పుతాను, రేకు సరిచేస్తాను, మళ్లీ బిగిస్తాను. ఆదివారాలు ఇలాగే అయిపోతాయి. ఆ మాటకొస్తే ముంబైలోని కుర్లా ఫ్యాక్టరీ నుంచి వచ్చిన రోజున కూడా ఆ సందు అంత సమానంగా ఉండి ఉండదు. కంపెనీవాడే పట్టించుకోని దాని కోసం నేను కుస్తీ పడుతున్నానన్నమాట. మా ఆవిడ దీన్ని పిచ్చి అంటుంది, కాదనను. కానీ నా పిచ్చికి బిల్లు మీరెందుకు కట్టాలి?

మీ కారులో నేను పట్టుబట్టేది తుప్పు దగ్గర. మన విశాఖలో లాసన్స్ బే కాలనీ, బీచ్ రోడ్డు వైపు ఆరుబయట నిలిపే కార్ల సంగతి మీకు తెలిసిందే. రేకు మీద చేరిన ఉప్పు గాలిలోని తేమను లాక్కుంటుంది, వాన లేని రోజు కూడా రేకు పూర్తిగా ఆరదు. తలుపు అడుగున నీళ్లు పోవడానికి చిన్న కన్నాలుంటాయి. అవి దుమ్ముతో పూడుకుపోతే, అద్దం పక్కనుంచి దిగిన నీరు లోపలే నిలిచిపోతుంది. తుప్పు లోపలి నుంచి బయటికి వస్తుంది. పెయింటు మీద పెసరగింజంత పొక్కు కనిపించేసరికి, అక్కడ స్క్రూడ్రైవర్ మొన ఆనిస్తే చాలు, లోపలికి దిగిపోతుంది. దాని మీద పుట్టీ మెత్తి రంగు కొడితే ఫొటోలో బ్రహ్మాండంగా ఉంటుంది. పుట్టీ తేమ పీల్చుకుని, వానలు పడ్డాక పెచ్చులుగా లేస్తుంది. అందుకే కుళ్లిన మేర కోసేసి, కొత్త రేకు వెల్డింగ్ చేసి, లోపలివైపు కూడా ప్రైమర్ వేస్తాం. "బయట సగం రేటుకే చేస్తున్నారు" అంటే, సంతోషంగా అక్కడే చేయించుకోండి.

బ్రేకులు, స్టీరింగ్, వైరింగ్ కూడా ఇంతే, బేరం లేదు. బంపర్ మీద గీతలు, డాష్‌బోర్డు మీద చిన్న పగులు వదిలేద్దామనే చెబుతాను. "ఏటి బాబూ, బంపర్ అద్దంలా మెరవదేటి?" అని నిష్ఠూరమాడతారు. మెరుస్తుంది. కాకపోతే క్రోమ్ పూత పని బయట చేయించాలి, వాళ్ల తేదీకి నేను పూచీ పడలేను.

ఇకపై పాత కార్లు ఒకదాని తర్వాత ఒకటే తీసుకుంటాం. ముందు రేకు పని, అది మీరు చూసి సరేనన్నాకే రంగు. ఏ దశకి ఆ దశ డబ్బు.

ఇంకొకటి. మీ కారు మొదటి రిజిస్ట్రేషన్ జరిగి 50 ఏళ్లు దాటితే, 2021లో కేంద్రం తెచ్చిన వింటేజ్ (పాతకాలపు) బండ్ల నిబంధనల కింద నమోదు చేయించుకోవచ్చు. ఫీజు 20,000 రూపాయలు, పదేళ్లు చెల్లుతుంది. అయితే చాసీ, బాడీ, ఇంజిన్ పెద్దగా మార్చి ఉండకూడదు. కొత్త ఇంజిన్ పెట్టిద్దామనుకునేవాళ్లు, బండి తెచ్చే ముందు ఆర్సీ కాపీ వాట్సాప్ చెయ్యండి, చూసి చెబుతాను.