ఓడ ఎక్కేముందే ఛార్జీ చెప్పాలి

సంపాదకుల వారికి,

అయ్యా,

సముద్రపు దొంగల కథతో నడిచే సెల్‌ఫోన్ ఆటను నిషేధించాలంటూ పోయిన వారం మీ పత్రికలో ఒంగోలు పాఠకుడొకరు రాసిన ఉత్తరం చదివాను. పిల్లలకు దోపిడీ నేర్పుతోందన్నది ఆయన బాధ. నేను కావలిలో రీచార్జి, జిరాక్సు షాపు నడుపుతున్నాను. ఆ ఆటకు డబ్బు కట్టే కుర్రాళ్లు ప్లేస్టోర్ కోడ్ల కోసం వచ్చేది నా బోటి షాపులకే. మా దగ్గర డబ్బిచ్చి తీసుకున్న కోడ్‌ను ఫోన్‌లో కొడితే, ప్లేస్టోర్‌లో అంత సొమ్ము జమవుతుంది. కోడ్ అమ్మితే నాకూ రూపాయో రెండో మిగులుతుంది, ఆ సంగతి ముందే చెబుతున్నా. అయినా నా మాట ఇది: ఆ ఆటలో దొంగలుండటం వల్ల వచ్చిన చిక్కేమీ లేదు. చిక్కంతా ధర దాచిపెట్టడంలో ఉంది.

ఆట తెలియనివాళ్ల కోసం రెండు ముక్కలు. బొమ్మలు తక్కువ, చదివేది ఎక్కువ. మీరు దొంగ ఓడలో కొత్తగా చేరిన మనిషి. కథ కాస్త సాగాక తెర మీద రెండు మూడు దారులు కనబడతాయి. తిరగబడ్డవాళ్లతో కలుస్తారా, కెప్టెన్ పక్కన నిలబడతారా? ఏది నొక్కితే కథ అటు తిరుగుతుంది. ఈ తరహా ఆటలు కొత్తవేం కావు, 1970లలోనే కంప్యూటర్ల మీద ఉత్త అక్షరాలతో ఆడేవాళ్లు.

కౌంటర్ దగ్గర పిల్లలు ఆ ఆట గురించి చెప్పుకునే మాటలకూ, పెద్దవాళ్లు ఊహించుకునేదానికీ పొంతనే ఉండదు. జువ్వలదిన్నె వైపు నుంచి వచ్చే డిగ్రీ కుర్రాడొకడున్నాడు, ఇంట్లో చేపల వేటే ఆధారం. తుపాను ఘట్టం చదివి నవ్వాడు. "గాలి అంత కొడతా ఉంటే తెరచాప మొత్తం విప్పేదేందన్నా, ఓడ తిరగబడదా?" అన్నాడు. దోచిన సొమ్ము పంచుకునే ఘట్టాన్ని మాత్రం తెగ మెచ్చుకున్నాడు. పడవకింత, వలకింత, మనిషికింత అని తమ పాలెంలో చేపల డబ్బు పాళ్లు వేసుకున్నట్టే ఉందట. రాసినవాళ్లు చరిత్ర చదివే రాసినట్టున్నారు. 18వ శతాబ్దం మొదట్లో అట్లాంటిక్ మీద తిరిగిన దొంగలు నిజంగానే బయలుదేరక ముందే కెప్టెన్‌కు ఎన్ని వాటాలు, నావికుడికి ఎన్ని, కాలో చెయ్యో పోయినవాడికి ఎంత ఇవ్వాలి అని కాగితం రాసుకుని సంతకాలు పెట్టేవాళ్లు. మరబోట్లు వచ్చి వలలు చించుకుపోయే తీరంలో పుట్టిన పిల్లవాడికి సముద్రం మీద దోపిడీ అంటే ఏమిటో ఆట నేర్పక్కర్లేదు కూడా.

నర్సింగ్ చదివే అమ్మాయి ఒకామె ఇంగ్లిష్ కోసమే ఆడుతున్నానంది. మాట అర్థం కాకపోతే ఏ దారి నొక్కాలో తెలియదు గనక వెతుక్కోక తప్పదట. తెలుగులో ఉంటే మా అమ్మ కూడా ఆడుద్ది అంది. కథ బాగుందనేవాళ్లే ఎక్కువ. ఆడ కెప్టెన్ పాత్ర అందరికీ ఇష్టం. నడుమ సాగదీశారని కొందరన్నారు. ఏ దారి నొక్కినా చివరికి అదే రేవుకు చేరుస్తున్నారు, ఇక ఎంచుకోవడం దేనికని ఇంకొందరు. నేనూ ఆడి చూశాను, ఈ చివరి ఫిర్యాదు న్యాయమైనదే. ఫోన్ మారిస్తే ఆడిన కథంతా పోయి మళ్లీ మొదటికి వస్తోందని ఏడ్చినవాళ్లూ ఉన్నారు.

ఇక అసలు విషయం. బందీగా దొరికిన వంటవాణ్ణి ఏం చేయాలో తేల్చే ఘట్టం ఒకటుంది. వాణ్ణి వదిలేయాలంటే 18 వజ్రాలు కట్టాలి. వజ్రాలంటే అసలు డబ్బు పెట్టి కొనుక్కునే ఆటలోని నాణేలు. సముద్రంలోకి తోసెయ్యడం ఉచితం! కట్టను అనాలంటే నొక్కాల్సిన మీట మీద "నాకు జాలి లేదు, పద" అనే అర్థం వచ్చే మాట రాసి పెట్టారు. పక్కన గడియారం వెనక్కి తిరుగుతూ ఉంటుంది. వజ్రం రూపాయల్లో ఎంతో అక్కడ కనబడదు. వాటిని కట్టలుగానే అమ్ముతారు, కట్టలో మిగిలిపోయినవి తర్వాతి దారికి చాలవు, ఇంకో కట్ట కొనాలి. మొదటి మూడు అధ్యాయాలకు పైసా అడగరు. మనుషుల మీద మమకారం పుట్టాకే అడగడం మొదలవుతుంది. మొత్తం కథ చదవడానికి ఎంతవుతుందని కోడ్లు కొనేవాళ్లను అడిగితే ఒక్కరూ చెప్పలేకపోయారు. ప్లేస్టోర్ పేజీలోనూ ఒక్కో వస్తువు ఇంత నుంచి ఇంత దాకా అని ఉంటుంది తప్ప మొత్తం ఎంతో ఉండదు. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా వేట నిషేధం. ఇంటికి రాబడి ఉండని ఆ రెండు నెలల్లోనే పాలేల కుర్రాళ్లు ఖాళీగా ఉండి కోడ్లు ఎక్కువ కొంటారు.

నిషేధం కోరిన పాఠకుడు 2025 ఆగస్టులో పార్లమెంటు చేసిన ఆన్‌లైన్ గేమింగ్ చట్టాన్ని ఉదహరించారు. అది పందెం ఆటల చట్టం. డబ్బు పెట్టి డబ్బు గెలుస్తామనే ఆశతో ఆడేవాటిని అది నిషేధించింది. ఇక్కడ గెలిచేదేమీ లేదు, పోయేదే ఉంది. కాబట్టి ఆ దారిన పోతే పని కాదు. పనికొచ్చేది వేరే ఉంది, దాన్ని ఎవరూ పట్టించుకోవడం లేదు. కేంద్ర వినియోగదారుల రక్షణ సంస్థ 2023 నవంబర్ 30న డార్క్ ప్యాటర్న్స్ మీద మార్గదర్శకాలు ఇచ్చింది. కొనేవాణ్ణి బుట్టలో వేసే 13 రకాల ఎత్తులను అందులో పేర్కొన్నారు. లేని తొందర పుట్టించడం, వద్దన్నవాణ్ణి సిగ్గుపడేలా చేయడం రెండూ అందులో ఉన్నాయి. ఉచితమని చెప్పి, కొనసాగాలంటే యాప్‌లో కొనాల్సి వస్తుందని సరిగా తెలపకపోవడం కూడా ఉంది. దానికి వాళ్లిచ్చిన ఉదాహరణ ఉచితంగా చదరంగం ఆడుకోమని పిలిచి, ఏడు రోజుల తర్వాత డబ్బు అడిగే యాప్. చదరంగానికి వర్తించేది దొంగల ఓడకు ఎందుకు వర్తించదు?

వ్యాపారం చెయ్యొద్దని నేను అనను. కథ రాసినవాడికి కూలి గిట్టాలి. కానీ ఆ కూలి ఎంతో ముందే చెప్పాలి. పాత ప్రకాశం జిల్లాలో ఉండి ఇప్పుడు బాపట్ల జిల్లాలోకి పోయిన మోటుపల్లిలో 1244 ప్రాంతంలో కాకతి గణపతిదేవుడు వేయించిన అభయశాసనం ఉంది. తుపానుకు ఒడ్డుకు కొట్టుకొచ్చిన ఓడల సరుకు మునుపటి రాజులు లాక్కునేవాళ్లు, మేం మాత్రం నిర్ణయించిన సుంకం తప్ప ఇంకేదీ తీసుకోం అని అందులో చెప్పాడు. ఆ సుంకం ముప్పైకి ఒకటి. రేవులో దిగే పరదేశి వర్తకుడికి కూడా తను ఎంత కట్టాలో రాతి మీద చెక్కి చూపించారు. అంత పని ఫోన్‌లో చెయ్యడానికి రాయి కూడా అక్కర్లేదు, మొదటి తెర మీద ఒక్క వరుస చాలు: ఈ కథ అన్ని దారుల్లోనూ చదవాలంటే ఇన్ని రూపాయలు. ఒకేసారి ఆ మొత్తం కట్టేసి హాయిగా చదువుకునే వీలు కూడా ఇవ్వాలి. మా షాపుకు వచ్చేవాళ్లలో చాలామంది అడిగేది అదే. (మోటుపల్లి రేవు మీద ఇలాంటి కథ ఎవరైనా తెలుగులో రాస్తే మొదటి కోడ్ నేనే కొంటాను.)

అంతవరకు తల్లిదండ్రులు ప్లేస్టోర్ సెట్టింగుల్లోకి పోయి, కొన్న ప్రతిసారీ పాస్‌వర్డ్ అడిగేలా మార్చుకోవాలి. తెలియక కొన్నది కనబడితే 48 గంటల్లోపు ప్లేస్టోర్‌లోనే డబ్బు వెనక్కి అడగొచ్చు. జిల్లాలో వినియోగదారుల వ్యవహారాలు చూసే అధికారులు కాలేజీలకు పోయినప్పుడు కల్తీ నూనె, తూకాల మోసాలతో పాటు దీని గురించి కూడా ఒక పది నిమిషాలు చెప్పాలి. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫిర్యాదు చేసేవాళ్లు ఆ మీటలు, గడియారం కనబడేలా స్క్రీన్‌షాట్లు తీసి దగ్గర పెట్టుకోవాలి. ప్రింటు కావాలంటే నా దగ్గరికి రండి, ఈ ఒక్క పనికి జిరాక్సు డబ్బులు తీసుకోను.

ఇట్లు,
రీచార్జి షాపు నడిపే పాఠకుడు,
కావలి, నెల్లూరు జిల్లా