క్లాసు చెప్పాకే ఆ డబ్బు నీది

అమ్మడూ,

ఫోన్లో చెబుదామంటే నీకు క్లాసుల మధ్య పది నిమిషాలు కూడా దొరకడం లేదు. లెక్కలు నోటితో చెబితే నువ్వు "సరేలే అమ్మా" అని పెట్టేస్తావు. అందుకే కాగితం మీద పెడుతున్నాను. తీరిగ్గా చదువు, చదివాక మీ అన్నయ్యకు కూడా చూపించు.

నీ పిలాటీస్ వ్యాయామం స్టూడియో కోసమని వైజాగ్ లాసన్స్ బే కాలనీలో నువ్వు ఫొటో పంపిన పోర్షన్ నేనూ మీ నాన్నా వెళ్ళి చూసి వచ్చాం. ఫొటోలో కనిపించినంత పెద్దదేం కాదు. రెండో అంతస్తు. లిఫ్టు ఉంది గానీ నలుగురు ఎక్కితే నిండిపోతుంది. నీ రిఫార్మర్, అదే పడుకుని స్ప్రింగుల మీద తోసే ఆ పిలాటీస్ మెషీను, ఎనిమిది అడుగుల దాకా ఉంటుందన్నావు కదా, అది మెట్ల మీదుగా మోయాల్సిందే. మెట్ల మలుపు దగ్గర సంచిలోంచి నా టేపు తీసి కొలిచాను. జాకెట్లు కొలిచే టేపుతో గోడలు కొలుస్తుంటే ఓనరు గారు వింతగా చూశారు. చూస్తే చూశారు. మలుపు ఇరుకు. విడి భాగాలుగా తెచ్చి పైన బిగించే మోడలైతేనే వస్తుంది. విప్పాక అన్నిటికంటే పొడుగు ముక్క ఎంతుంటుందో కంపెనీ వాళ్ళ చేత రాయించుకో. మోసేవాళ్ళ కూలి కొటేషన్లో కలిసిందో లేదో కూడా అడుగు.

గది మటుకు బాగుంది. పొద్దున్న ఎండ వస్తుంది, సముద్రం గాలి ఎటూ ఉంది. ఆ గాలితోనే వచ్చింది చిక్కు. కిటికీ గ్రిల్లు పట్టుకుంటే చేతికి తుప్పు అంటింది. మీ నాన్నకు అది చాలు, షిప్‌యార్డులో ఫిట్టరుగా చేసిన మనిషి కదా, గది సంగతి వదిలేసి స్ప్రింగుల గురించి మొదలుపెట్టారు. నీ మెషీన్లో బరువంతా స్ప్రింగుల మీదే కాబట్టి, ఉప్పుగాలికి ముందు పోయేవి అవేనట. పైకి మెరుస్తూనే ఉంటాయి, లోపల అలిసిపోయి ఉంటాయి అన్నారు. లాగకుండా వదిలేసినప్పుడు కూడా చుట్టల మధ్య సందు కనబడితే ఆ స్ప్రింగు పని అయిపోయినట్టే. హుక్కు మెడ దగ్గర గోరుతో తడిమి చూడాలి. కంపెనీలు రెండేళ్ళకోసారి మార్చమంటాయని నువ్వే చెప్పావు. ఇక్కడ అంతకాలం ఆగుతాయని నమ్మకు. ప్రతి సోమవారం ఒక్కో స్ప్రింగూ చూసి, పొడి గుడ్డతో తుడిచి, తేదీ వేసి పుస్తకంలో రాసిపెట్టు. మనిషి పడుకుని కాళ్ళతో తోస్తుండగా స్ప్రింగు తెగితే ఏమవుతుందో నాకంటే నీకే తెలుసు.

ఓనరు గారు 11 నెలల అగ్రిమెంటు అంటున్నారు. ఇంటికైతే అది చాలు. నువ్వు నేల మీద వుడెన్ ఫ్లోరింగ్ వేయించి, గోడకు అద్దాలు బిగించి, మెషీన్లు పైకి ఎక్కించాక పన్నెండో నెలలో అద్దె పెంచితే ఎక్కడికి పోతావు? మూడేళ్ళకైనా రాయించుకోవాలి. ఏడాది దాటిన లీజు రిజిస్ట్రేషన్ చేయించాలి, ఖర్చవుతుంది, కానీ చేయించు. ఏటా ఎంత శాతం పెంచుతారో అందులోనే ఉండాలి. ఖాళీ చేసేటప్పుడు అద్దాలు, ఏసీలు ఎవరివో కూడా ఉండాలి. కరెంటు మీటరు కమర్షియల్‌కి మార్చే పని ఎవరిదో అడిగితే ఆయన మాట మార్చారు. దాన్ని కాగితం మీదకు తీసుకురా.

ఇప్పుడు అసలు లెక్క.

నువ్వు అయిదు రిఫార్మర్లు అంటున్నావు. నేను మూడు అంటున్నాను. చిన్న వ్యాపారాలకిచ్చే ముద్రా లోను కింద 10 లక్షలు అయిదేళ్ళకు తీసుకుంటే వాయిదా నెలకు సుమారు 22 వేలు పడుతుంది. అద్దె 35 వేలు. కరెంటు, శుభ్రం చేసే మనిషి, చిల్లర ఖర్చులు కలిపి 8 వేలు. మొత్తం 65 వేలు. నీ జీతంగా 30 వేలు వేసుకుందాం. సొంత కొట్టు నడిపేవాళ్ళు తమ జీతం లెక్కలో వేసుకోరు, అక్కడే మోసపోతారు, కాబట్టి నువ్వు వెయ్యి. మొత్తం 95 వేలు. క్లాసుకు మనిషికి 700 తీసుకుంటే నెలకు 136 సీట్లు నిండాలి. మూడు మెషీన్లు, రోజుకు నాలుగు క్లాసులు, 26 రోజులంటే నీ దగ్గరున్నవి 312 సీట్లు. సగం కూడా నిండక్కర్లేదు. ఇంతవరకూ నాకు ధైర్యంగానే ఉంది.

30 క్లాసులు 15 వేలు అని నువ్వు రాసిన ఆఫరు చూశాకే నాకు నిద్ర పట్టలేదు. అంటే క్లాసు 500. అదే 95 వేలకు ఇప్పుడు 190 సీట్లు నింపాలి. అద్దె పైసా తగ్గదు, వాయిదా తగ్గదు, నువ్వు మాత్రం నెలకు 54 సీట్లు ఎక్కువ చెప్పాలి. చెప్పేది నీ గొంతుతో, నీ నడుముతో. జనం తక్కువ ధరకే వస్తారనేది నీ భయం. ఇన్నేళ్ళ నా షాపులో నేను చూసింది చెబుతున్నా, కుట్టుకూలి తగ్గించమని బేరమాడి వచ్చినవాళ్ళు పక్క వీధిలో పది రూపాయలు తక్కువంటే అక్కడికే పోతారు. చంక దగ్గర పట్టకుండా కుట్టినందుకు వచ్చినవాళ్ళు కూతుళ్ళను కూడా తీసుకొస్తారు.

ధర సంగతి నీ ఇష్టానికి వదిలేస్తాను. ఇంకో సంగతి మాత్రం వదలను. పదిమంది చేరి ఆ 15 వేలు కట్టారనుకో. మొదటి వారంలోనే లక్షన్నర చేతికొస్తుంది. నువ్వు ఎగిరి గంతేస్తావు, కాడిలాక్ కొందామంటావు, కారు కాదు, ఆ మంచంలాంటి పెద్ద పిలాటీస్ మెషీను. ఆ లక్షన్నర నీది కాదమ్మా. అది నువ్వు బాకీ ఉన్న 300 క్లాసులు. వాళ్ళు వారానికి మూడుసార్లు వస్తే రెండు నెలల పైచిలుకు నువ్వు చెబుతూనే ఉంటావు, వాళ్ళ దగ్గర్నుంచి మళ్ళీ రూపాయి రాదు, అద్దె మాత్రం ఒకటో తారీఖునే అడుగుతారు. అందుకని ఇంకో ఖాతా తెరువు. ప్యాకేజీ డబ్బు వచ్చింది వచ్చినట్టు అందులో పడాలి. ఆ రోజు ఎంతమంది వచ్చారో చూసి, తలకు 500 చొప్పున రాత్రికి నీ ఖాతాలోకి మార్చుకో. ఫోన్లో రెండు నిమిషాల పని. నా దగ్గర పెళ్ళి జాకెట్ల అడ్వాన్సులకు ఇనప్పెట్టెలో వేరే అర ఉండేది గుర్తుందా? జాకెట్టు ఇచ్చాకే అందులోంచి డబ్బు తీసేదాన్ని. నువ్వు చాక్లెట్టుకు అడిగినా అందులో చెయ్యి పెట్టలేదని అలిగేదానివి.

మీ నాన్న ఏడాది డబ్బు ఒకేసారి కట్టిన జిమ్ సంగతి కూడా నీకు తెలుసు. మూడో నెల్లో షట్టరుకు తాళం. ఆ కుర్రాడు దొంగేం కాదు, పాపం. వచ్చిన డబ్బంతా తనదే అనుకుని రెండో బ్రాంచి తెరిచాడు. ఆ దెబ్బ తిన్నవాళ్ళు ఈ ఊళ్ళో చాలామంది ఉన్నారు. వాళ్ళే రేపు నీ దగ్గరకొచ్చి, "ఏడాదికి కడితే ఎంత తగ్గిస్తారు" అని అడుగుతారు, మళ్ళీ వాళ్ళే భయపడతారు. ఏడాది ప్యాకేజీ పెట్టనే పెట్టకు. మూడు నెలలకు మించి ఎవరి డబ్బూ ముందుగా ఉంచుకోకు. ఊరెళ్ళారనో జ్వరమనో మానేస్తే ఎన్నాళ్ళలోపు వాడుకోవచ్చో, ఎప్పుడు వాపసిస్తావో చేరిన రోజే రాసివ్వు. లేకపోతే సంక్రాంతి తర్వాత నీ పనంతా ఈ తగాదాలే.

గవర్నమెంటు పనులు పెద్ద టెన్షన్ కాదు. చిన్న వ్యాపారాలకు చేయించే ఉద్యమ్ రిజిస్ట్రేషన్ ఆన్‌లైన్లో ఉచితం, ఏజెంటుకు డబ్బివ్వకు. మన కార్పొరేషన్, అదే జీవీఎంసీ, ఇచ్చే ట్రేడ్ లైసెన్సు మీ నాన్న చూసుకుంటానన్నారు. ఏడాది రాబడి 20 లక్షలు దాటేదాకా జీఎస్టీ రిజిస్ట్రేషన్ అక్కర్లేదు. జిమ్ములకూ యోగాకూ 18 శాతం ఉన్న పన్ను 2025 సెప్టెంబరు 22 నుంచి 5 శాతం చేశారు కాబట్టి, దాటాక కూడా మరీ అంత భారం కాదు. ఇన్సూరెన్సు మాత్రం తుఫాను కవరయ్యేది చూడు. హుద్‌హుద్ వచ్చినప్పుడు నువ్వు చిన్నదానివి. మా వీధిలో ఏ కొట్టుకూ బోర్డు మిగల్లేదు.

ఇంక మనుషుల సంగతి. ఇది నీకు ఏ కోర్సులోనూ చెప్పరు, కొంత నాకు తెలుసు. కొలతలు తీసేటప్పుడు ఆడవాళ్ళు మొగుడికి చెప్పనివి కూడా చెబుతారు. ఒక భుజం దిగిపోయి ఉంటుంది, అడిగితే "పిల్లాణ్ణి ఎప్పుడూ ఆ వైపే ఎత్తుకుంటాను" అంటారు. కాన్పు అయి మూడేళ్ళయినా పొట్ట మధ్యలో కండరం విడిపోయే ఉంటుంది, గట్టిగా కట్టమని నా చేత నడుం పట్టీ కుట్టించుకుంటారు. వీళ్ళే నీ అసలు మనుషులు. ఇన్‌స్టాలో నువ్వు పెట్టే ఆ తలకిందుల ఫొటోలు చూసి వాళ్ళు రారు, భయపడతారు. పిల్లలు స్కూలుకెళ్ళాక పదింటికి ఒక క్లాసు పెట్టు, తెలుగులో చెప్పు. "ఊపిరి వదులుతూ బొడ్డు లోపలికి లాగండి" అంటే మా వయసువాళ్ళకు చటుక్కున అర్థమవుతుంది.

యాభై దాటినవాళ్ళను ఎముకల పరీక్ష చేయించుకున్నారా అని అడక్కుండా రోల్ అప్‌లు, అవే వెల్లకిలా పడుకుని ముందుకు వంగుతూ లేచేవి, చేయించకు. ఎముక పలచబడినవాళ్ళు ముందుకు వంగే ఎక్సర్‌సైజులు చెయ్యకూడదని నువ్వే నాకు చెప్పి, నా చేత మాన్పించావు. గర్భంతో ఉన్నవాళ్ళు, ఆపరేషన్ అయినవాళ్ళు డాక్టరు కాగితం తేవాల్సిందే. డిస్కు జారినవాళ్ళు వస్తారు, "నీ దగ్గర తగ్గుతుందట కదా" అంటారు. తగ్గిస్తానని మాట ఇవ్వకు. దగ్గర్లో మంచి ఫిజియోథెరపిస్టును పరిచయం చేసుకుని, ముందు అక్కడికి పంపు. వాళ్ళే తర్వాత నీకు మనుషుల్ని పంపుతారు. చెయ్యి వేసి సరిచేసే ముందు ప్రతిసారీ అడుగు, ఆడవాళ్ళనైనా సరే. మగవాళ్ళకు క్లాసు పెట్టాలా వద్దా అనేది నీ ఇష్టం. పెడితే మొదట్లో గదిలో ఇంకో మనిషి ఉండేలా చూసుకో. ఈ మాటకు నువ్వు కోప్పడతావని తెలిసే రాస్తున్నాను.

నువ్వు వదిలి వెళ్ళిన ఆ కోర్సు పుస్తకాల్లో ఈ వ్యాయామం కనిపెట్టిన జోసెఫ్ పిలాటీస్ సంగతి చదివాను. జర్మనీలో 1883లో పుట్టాడు, చిన్నప్పుడు ఉబ్బసం, రికెట్స్. మొదటి ప్రపంచ యుద్ధంలో ఇంగ్లండు వాళ్ళు నిర్బంధించారు. 1926లో న్యూయార్కు చేరి, దెబ్బలు తగిలిన డాన్సర్లకు నేర్పాడు. అందరూ ఆయన గురించే రాస్తారు గానీ నాకు ఆయనతో కలిసి స్టూడియో నడిపిన క్లారా నచ్చింది. ఆయన 1967లో పోయాక కూడా ఆవిడ స్టూడియో మూయలేదు. ఆ పేరు మీద ఎవరికీ సొంత హక్కు లేదని అమెరికాలో కోర్టు 2000లో తేల్చిందట. అంటే రేపు నీ ఎదురుగా ఎవరైనా అదే పేరుతో బోర్డు పెట్టొచ్చు. పెడతారు కూడా.

రోజుకు నాలుగు క్లాసులే అని లెక్కలో వేశాను చూడు, అది కావాలనే. హైదరాబాదులో ఇప్పుడు నువ్వు ఏడు చెబుతున్నావు, గొంతు బొంగురుపోయింది. సొంతం కదా అని తొమ్మిది చెప్పేస్తావు. నీ సొంత ప్రాక్టీసుకు గంట, ఆదివారం సెలవు, ఇవి టైమ్‌టేబుల్లో ముందే వేసి, తర్వాతే మిగతావి అమ్ము. నీకు జ్వరమొస్తే క్లాసు ఎవరు చెబుతారో కూడా ఇప్పుడే చూడు, నీతో కోర్సు చేసిన ఆ విజయనగరం అమ్మాయిని అడిగావా?

నా ఎఫ్‌డీ వచ్చే నెల్లో చేతికొస్తుంది. అందులో రెండు లక్షలు ఫ్లోరింగుకూ అద్దాలకూ ఇస్తాను. ఊరికే కాదు, రెండో ఏడాది నుంచి నెలకు అయిదు వేలు చొప్పున నాకు తిరిగి కట్టాలి, వడ్డీ వద్దు. మీ అన్నయ్యకూ ఇదే పద్ధతిలో ఇచ్చాను కాబట్టి ముఖం ముడుచుకోకు. మూడు మెషీన్లకు కొటేషన్ మళ్ళీ తెప్పించు, ఈసారి స్పేర్ స్ప్రింగుల ధర విడిగా వేయించు. మీ నాన్న అది చూస్తే గానీ దేని మీదా సంతకం పెట్టరు.

అమ్మ